బైపాస్‌లో పోయిన పురుగు

మా ఆయన సత్యానందం ముప్పై ఒక్క ఏళ్లు కోదాడ బస్టాండులో కంట్రోలరుగా చేశాడు. వచ్చిన బస్సు వేళ రాసుకోవడం, పోయే బస్సు పేరు మైకులో చెప్పడం, అదీ ఉద్యోగం. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. పాలు వచ్చిన వేళ, కరెంటు పోయిన వేళ, నేను చర్చి నుంచి తిరిగొచ్చిన వేళ, అన్నీ ఒక పొడుగు రిజిస్టరులో రాసేవాడు. ఎందుకయ్యా ఈ రాతకోతలు అంటే "రికార్డు ఉండాలె" అనేవాడు. మైకు లేకపోతే మాట రాని మనిషి. ఎవరినీ ఏమీ అనడు, ఎవరైనా అంటే పడతాడు. దేవుడు ఆయనకు తగ్గించిన నోరంతా తెచ్చి నాకు పెట్టాడు. దాంతోపాటు అనుమానం కూడా పెట్టాడు.

అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి మూడు పూటలా ముద్దలు పెట్టి పెంచింది నేనే. కూరగాయల తక్కెడ మీద అనుమానం, గ్యాసు బండ బరువు మీద అనుమానం, చర్చిలో నా వెనక వరుసలో ఎవరైనా నవ్వితే వాళ్ల మీద అనుమానం. అందులో సగంసార్లు నా అనుమానమే నిజమైంది కూడా. అదే నా కొంప ముంచింది.

పోయినేడు మా పెరట్లో బత్తాయి చెట్టు కాపుకొచ్చింది. మిర్యాలగూడ రైసుమిల్లులో పనిచేసే మా తమ్ముడు సాంసన్ ఆరేళ్ల కింద తెచ్చిచ్చిన అంటు మొక్క అది. ఇన్నాళ్లూ ముళ్లు తప్ప ఏమీ చూపించలేదు. పోయినేడు ఒక్కసారిగా అరవై నాలుగు కాయలు కాసింది. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే నేను వాటిని లెక్కపెట్టేదాన్ని. ఆగస్టు చివరికి కాయలు పసుపు తిరిగాయి, అప్పుడే రాలడం మొదలైంది.

రాలిన ప్రతి కాయకూ ఒక సన్నటి బెజ్జం ఉంది. గుండుసూది పట్టేంత. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మెత్తటి మచ్చ. కోసి చూస్తే ఆ వైపు తొనలన్నీ ఎండిపోయి దూదిలా ఉన్నాయి. రసం ఎవరో లాగేసుకున్నారు. పిట్ట పొడిస్తే ఇంత సన్నగా పొడవదు, ఉడుత కొరికితే తొక్క చీరుకుపోతుంది. ఇది సూది పని అని నాకు ఆ నిమిషానే తోచింది. మా ఆవరణలో సూదులు ఉన్నది ఒక్కరి దగ్గరే.

మా వెనక గదిలో స్వప్న అనే పిల్ల అప్పటికి రెండేళ్లుగా కిరాయికి ఉంటోంది. సూర్యాపేట అవతల పెన్‌పహాడ్ వాళ్లది. ఇరవై ఆరేళ్లుంటాయి, కోదాడలోనే ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. నాకు షుగరు. రోజూ పొద్దున ఆరున్నరకు ఇన్సులిన్ సూది పడాలి. నా చేత్తో నేను పొడుచుకోలేను, కళ్లు తిరుగుతాయి. ఆ పిల్ల డ్యూటీకి పోయేముందు వచ్చి, స్పిరిటు దూదితో తుడిచి, సూది వేసి, "అయిపోయింది ఆంటీ, ఇగ టిఫిన్ తినుండ్రి" అని వెళ్లేది. ఊరికి పోయినా నా సూది కోసం తెల్లవారి మొదటి బస్సుకు వచ్చేసేది. అందుకు ఏనాడూ ఏమీ పుచ్చుకోలేదు.

అలాంటి పిల్లను అనుమానించడానికి మనసెట్లా ఒప్పిందమ్మా అని మీరు అడగొచ్చు. మొదట ఒప్పలేదు. మధ్యలో మిర్యాలగూడ వెళ్లాల్సి వచ్చి, బెజ్జం పడ్డ కాయ ఒకటి సంచిలో వేసుకుని పోయి సాంసన్‌కు చూపించాను. వాడు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అక్కా, ఇది సిరంజి పెట్టి గుంజినట్టే ఉన్నది గదనే. నీ గదిల ఉండే నర్సు పిల్ల ఎసొంటిది?"

"మంచిదే రా."

"మంచిదే అనుకో. కాయ తెంపుకుంటే నీ లెక్క తప్పుతది, దొరికిపోతది. రసం గుంజుకుంటే కాయ చెట్టుకే ఉంటది. గంత తెలివి మామూలు దొంగకు ఉంటదా?"

ఆ మాట నా చెవిలో దూరిన చీమైంది. తిరుగు బస్సులో కోదాడ వచ్చేదాకా అదే తొలిచింది. రెండేళ్లుగా నా పొట్టలో సూది దించుతున్న చెయ్యి నా కాయలో దించడానికి వెనకాడుతుందా అనిపించింది. బస్టాండులో దిగి నేను కొన్నవి రెండు. ఒకటి నల్ల మార్కరు పెన్ను, రెండోది పెద్ద బల్బు.

ఆ సాయంత్రమే చెట్టున ఉన్న ప్రతి కాయకూ నంబరు వేశాను. రాలిపోయినవి పోగా యాభై రెండు ఉన్నాయి. ఒకటి నుంచి యాభై రెండు దాకా, తొక్క మీద నల్లగా, దూరం నుంచి కనిపించేంత పెద్దగా వేశాను. బల్బును వంటింటి గోడకు బిగించి, పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా వెలిగేలా పెట్టాను. దొంగ వస్తే నీడైనా పడకపోతుందా అని నా లెక్క.

దొంగ రాలేదు గానీ పురుగులు వచ్చాయి. మూడోనాడు పొద్దున మా ఆయన పెరట్లోకి పోయి ఎంతసేపటికీ లోపలికి రాలేదు. వెళ్లి చూస్తే బల్బు కింద గోడ నిండా రెక్కల పురుగులు. గోధుమవి, పసుపువి, బూడిదవి. ఒకటి అరచెయ్యంత ఉంది, రెక్కల మీద రెండు కళ్లు గీసినట్టున్నాయి. ఈయన దాని ముందు నిలబడి కళ్లద్దాలు ఎత్తి పెట్టి దించి పెట్టి చూస్తున్నాడు.

"స్వరూపా, ఇది ఏ సర్వీసో తెల్వడం లేదు," అన్నాడు.

"చీపురు తెస్త ఆగు."

"వద్దు. జర ఉండనియ్. రాసుకుంట."

అట్లా మొదలైంది. ఆయనతో పాటు పనిచేసిన మల్సూర్ కొడుకు రవీందర్ హుజూర్‌నగర్ దగ్గర వ్యవసాయ విస్తరణాధికారి. ఈయన ఫోటోలు తీసి ఆ పిల్లవాడికి పంపాడు. రవీందర్‌కు కూడా సరదా పుట్టినట్టుంది, దీపపు ఎర కట్టుకోవడం ఎట్లాగో చెప్పాడు. బల్బు కింద ఒక గరాటు, గరాటు కింద బకెట్, బకెట్లో గుడ్ల అట్టలు. వెలుతురుకు వచ్చిన పురుగు గరాటులోంచి జారి, గుడ్ల అట్టల గుంటల్లో నక్కి తెల్లారేదాకా కదలకుండా ఉంటుందట. మా వీధి కిరాణాకొట్లో ఖాళీ గుడ్ల అట్టలన్నీ మా ఇంటికే చేరాయి. రోజూ ఇన్ని గుడ్లు ఎవరు తింటున్నారని పక్కింటివాళ్లకు అనుమానం వచ్చిందంటే అది వాళ్ల తప్పు కాదు.

రోజూ అయిదున్నరకు, పిట్టలు రాకముందే, మా ఆయన బకెట్ ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. ఒక్కొక్క అట్ట తీసి, ఊపిరి బిగబట్టి తిప్పి చూసేవాడు. పక్కన రిజిస్టరు. బస్టాండు రిజిస్టరులో ఉన్న గడులే ఇందులోనూ గీశాడు. వేళ, సర్వీసు, ఎక్కడి నుంచి, రిమార్కులు. పేర్లు తెలియవు కాబట్టి తనకు తెలిసిన బస్సుల పేర్లే పెట్టాడు. ఎక్కడబడితే అక్కడ వాలే చిన్న గోధుమరంగువి పల్లెవెలుగు. కోసు మొహంతో, పొడుగు రెక్కలతో రయ్యిన వచ్చేది సూపర్ లగ్జరీ. ఎక్కడి నుంచి అనే గడిలో ఏం రాయాలో తెలియక రోజూ పెన్ను పట్టుకుని ఆలోచించి, ఖాళీగా వదిలేసేవాడు.

తప్పులు కూడా బాగానే చేశాడు. ఒకరోజు ఎండిన వేపాకు ముక్కకు నాలుగు ఫోటోలు తీసి పంపాడు. ఇంకోరోజు పసుపు రెక్కల మీద నల్లచుక్క ఉన్నదాన్ని ఒక రకమని, చుక్క కనబడని చిన్నదాన్ని ఇంకో రకమని వారం రోజులు వేరువేరుగా రాశాడు. "సార్, అవి రెండు రకాలు కావు, ఆలుమగలు. వరిల కాండం తొలిచే పురుగు," అని రవీందర్ ఫోను చేసి చెబితే, ఈయన పాత పేజీలన్నీ తిరగేసి ఎర్ర పెన్నుతో దిద్దుకున్నాడు. ఆ పేజీలు చూసి నేను పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఒక పనిని అంత ఇష్టంగా చేయడం నేను అప్పుడే చూశాను.

కానీ నాకు కావలసింది పురుగుల పేర్లు కాదు, నా దొంగ. రవీందర్ ఒక్కొక్క పురుగు కింద దాని పిల్ల పురుగు ఏం తింటుందో కూడా రాసి పంపేవాడు. మా ఆయన దాన్ని రిమార్కుల గడిలో ఎక్కించేవాడు. నేను రోజూ ఆ గడి చదివేదాన్ని. వరి, ఆముదం ఆకు, వేరుశనగ, గడ్డి, మునగ ఆకు. బత్తాయి పండు అని ఎక్కడా లేదు.

"రవీందర్‌ను ఒక్క మాట అడుగుదునా, మన కాయలు గిట్ల అయితున్నయని?" అని మా ఆయన ఒకసారి అడిగాడు.

నేను ఇంతెత్తున లేచాను. "ఇంట్ల దొంగను పెట్టుకొని ఊరంత టముకేసుకుంటవా? ఆ పిల్లకు తెలిస్తే జాగ్రత్త పడుతది. నోరు మూసుకొని నీ పురుగులు నువ్వు రాసుకో."

ఆయన నోరు మూసుకున్నాడు. రవీందర్‌కు కాయల సంగతి తెలియనే లేదు.

సెప్టెంబరు చివరికి రిజిస్టరులో ముప్పై ఎనిమిది రకాలు చేరాయి. చెట్టున కాయలు ముప్పైకి దిగాయి. రోజూ నంబర్లు చూసుకుంటున్న నాకు ఒక సంగతి తట్టింది. వంటింటి వైపు, బల్బు వెలుతురు పడే కొమ్మల్లో ఒక్క కాయా పోలేదు. పోయినవన్నీ అవతలి వైపువి. అంటే చీకటి వైపువి, స్వప్న గది తలుపు ఎదురుగా ఉన్నవి. ఇంకేం కావాలి నాకు? దొంగ వెలుతురు చూసి తప్పుకుంటోంది, చీకట్లో చేతికందినవి పొడుస్తోంది.

అది చాలదన్నట్టు తిప్పతీగ ఆకులు కూడా మాయమవుతున్నాయి. కరోనా కాలంలో కషాయానికని నేనే వెనక ప్రహరీ మీద ఎక్కించిన తీగ. స్వప్న గది పక్కనే ఉంటుంది. గోడ నిండా కమ్ముకున్నది కాస్తా అక్కడక్కడా ఈనెలు మిగిలి బోసిపోయింది. నర్సు కదా, ఆకు విలువ తెలుసు, తెంపుకుపోయి దవాఖానలో ఎవరికో ఇస్తోంది అనుకున్నాను.

"ముప్పై ఎనిమిది రకాలు పట్టినవ్ గద," అని మా ఆయనను నిలదీశాను. "ఒక్కటన్న కాయను పొడిచేది ఉన్నదా?"

ఆయన రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వేలు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "రికార్డుల అయితే లేదు," అన్నాడు.

"మరి పురుగు కాకపోతే మనిషే."

ఆ పిల్ల అట్లాంటిది కాదని ఆయన మనసులో ఉందని నాకు తెలుసు. కానీ రికార్డులో లేనిదాన్ని ఉందని చెప్పడం ఆయనకు చేతకాదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకు స్వప్న మామూలుగా వచ్చింది. దూదితో తుడిచింది, సిరంజిలో మందు ఎక్కించింది, సూదిని పైకి పట్టుకుని బుడగ తీసింది. నేను పొట్ట మీద చీర పక్కకు జరుపుతూ అడిగేశాను.

"ఈ సూదితోటేనా స్వప్నా, మా కాయలల్ల రసం గుంజుతున్నది?"

ఆ పిల్ల నవ్వింది. హాస్యమాడుతున్నాననుకుంది. తర్వాత నా మొహం చూసింది.

"ఏమంటున్నరు ఆంటీ?"

"నంబర్లేసిన నేను. నీ తలుపు కాడి కాయలే పోతున్నయి. తిప్పతీగ ఆకు ఎవలు తెంపుతున్నరు? సూది ఎవల దగ్గరున్నది ఈ ఇంట్ల?"

స్వప్న తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆ రెండూ చేయలేదు. నా పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి, రోజూ వేసినట్టే నొప్పి లేకుండా సూది వేసింది. దూది అద్దింది. సూదికి మూత పెట్టింది.

"రేపటి సంది అంకుల్‌కు నేర్పిస్త ఆంటీ. నేను గది ఖాళీ చేస్త," అంది.

అన్నంత పనీ చేసింది. నాలుగు రోజులు మా ఆయనకు నేర్పింది. చర్మం ఎట్లా పట్టాలో, ఎన్ని గీతల దాకా మందు ఎక్కించాలో, సూది ఎంతసేపు ఉంచాలో చెప్పింది. ఆయన జంకితే తన చెయ్యి ఆసరా పెట్టి పొడిపించింది. నాతో మాత్రం మాట్లాడలేదు. అయిదోనాడు సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది. సూర్యాపేటలో ఒక దవాఖానలో చేరుతున్నానని మా ఆయనతో చెప్పిందట. మా ఆయన గేటు దాకా వెళ్లి, ఆటో మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. లోపలికొచ్చి రిజిస్టరు తీశాడు గానీ ఏమీ రాయలేదు.

నాకు మాత్రం గుండె మీది బండ దిగింది. ఇంక నా కాయలు నాకు మిగులుతాయనుకున్నాను.

రెండో రోజు పొద్దున ముప్పై మూడో నంబరు రాలింది. మూడో రోజు తొమ్మిది, నలభై నాలుగు. అన్నిటికీ అదే బెజ్జం.

"సూర్యాపేట నుంచి వచ్చి పొడిచిపోతున్నదా ఏంది?" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. మా ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కోపం కాదు, అంతకంటే ఎక్కువ.

ఆ రోజంతా ఆయన రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. సాయంత్రం టీ ఇస్తే గ్లాసు పక్కన పెట్టి నన్ను అడిగాడు.

"స్వరూపా, హైవే మీద బైపాస్ పడ్డంక మన స్టాండుకు రాకుండ ఎన్ని బండ్లు పోయేటియో యాదికున్నదా?"

"నాకెందుకయ్యా బండ్ల ముచ్చట ఇప్పుడు?"

"జనం నన్ను వచ్చి అడిగేటోళ్లు, ఫలానా బండి ఏదీ అని. నేను రిజిస్టర్ చూసి రాలేదని చెప్పేటోణ్ణి. అప్పటికే అది బైపాస్‌ల దాటిపోయేది. నా పుస్తకంల లేదంటే బండి నడవనట్టు కాదు. నా స్టాండుకు రానట్టు, అంతే." ఆయన రిజిస్టరు మూసేశాడు. "గింత తెలిసినోణ్ణి, ఈ పురుగు కాడ మరిచిన. లైటు కాడికి రానిది లేనే లేదనుకున్న. ఆ పిల్ల మీద పడుతుంటే నోరు మూసుకొని కూసున్న."

మైకు లేకుండా ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

ఆ సాయంత్రం బల్బు వేయలేదు. దీపాలు పెట్టే వేళ దాటాక, వెలుతురుకు పురుగు బెదరకుండా టార్చికి ఎర్ర రంగు కాగితం చుట్టి ఆయన ముందు, నేను వెనక, చెట్టు అవతలి వైపుకు పోయాం. స్వప్న గది తలుపుకు తాళం వేలాడుతోంది. నలభై ఒకటో నంబరు కాయ మీద ఒక ఎండుటాకు అతుక్కుని ఉంది. బత్తాయి ఆకు అంత పెద్దగా ఉండదు కదా అనుకుంటుండగా ఆ ఆకుకు రెండు కళ్లు నిప్పుకణాల్లా మెరిశాయి.

ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. టార్చి ఇంకాస్త దగ్గర పెట్టాడు. ఆకు కాదు, పురుగు. దాని మూతి నుంచి ఒక సన్నటి గొట్టం కాయలోకి దిగి ఉంది. అది నింపాదిగా, ఎవరి భయమూ లేకుండా తాగుతోంది. నేను వేలు చాచేసరికి రెక్కలు విప్పింది. పైరెక్కల కింద పసుపుపచ్చగా, నల్ల మచ్చలతో ఇంకో జత రెక్కలు కనిపించాయి. ఎగిరి ప్రహరీ మీదుగా పోయింది. కాయ మీద బెజ్జం దగ్గర ఒక రసం చుక్క నిలిచి ఉంది.

అక్కడే స్వప్న గది మెట్టు మీద కూలబడ్డాను.

రవీందర్‌కు ఫోను నేనే చేశాను. కాయల సంగతి మొదటి నుంచి చెప్పాను.

"అయ్యో ఆంటీ, ముందే చెప్తే ఒక్క నిమిషంల చెప్పేటోణ్ణి గద," అన్నాడు. "బత్తాయి తోటలున్న రైతులందరికీ తెలుసు. రసం పీల్చే రెక్కల పురుగు. దాని మూతి సూది లెక్క గట్టిగ ఉంటది. లైటుకు సరిగ రాదు, వెలుతురుంటే ఇంకింత దూరం పోతది. పండు వాసనకు వస్తది. కాయలకు సంచులు కట్టుండ్రి. అవును ఆంటీ, మీ ఇంటి కాడ తిప్పతీగ ఏమన్న ఉన్నదా?"

"ఎందుకు?"

"దాని పిల్లలు తిప్పతీగ ఆకు తినే పెరుగుతయి."

తెల్లవారి ప్రహరీ మీద తీగను తిరగేసి చూశాం. ఆకుల కింద నల్లటి లావుపాటి పురుగులు, ఒంటికి రెండు పక్కలా కళ్లలాంటి గుండ్రటి మచ్చలు, తల కిందికి వంచి తోక పైకెత్తి కూర్చున్నాయి. ఏడు దొరికాయి. తీగ మీద మాయమైన ఆకులన్నీ వాటి కడుపులోకే పోయాయి. ఆకు దొంగా, కాయ దొంగా ఒక్కటే. దానికి నీళ్లు పోసి, గోడకెక్కించి పెంచింది నేను. ఆ తీగను మొదలంటా పీకి పారేశాను. పీకుతూ ఏడ్చాను.

మా ఆయన ఆ పురుగును ముప్పై తొమ్మిదో రకంగా రిజిస్టరులో రాసుకున్నాడు. రోజూ ఖాళీగా వదిలే "ఎక్కడి నుంచి" గడిలో "మన ఇంటి నుంచే" అని రాశాడు.

మర్నాడు నేను సూర్యాపేట బయలుదేరాను. ఆయన తోడు వస్తానన్నాడు. "నోరు నాది, నేనే పోవాలె," అన్నాను. వెలుతురు వైపు కొమ్మల్లో దెబ్బ తినని కాయలు అయిదు ఏరి, కడిగి, పాత చీర గుడ్డతో నిగనిగలాడేలా తుడిచి సంచిలో వేసుకున్నాను. దారిపొడుగునా ఏం మాట్లాడాలో నేర్చుకుంటూ పోయాను.

స్వప్న ఆ దవాఖానలో సూదులు వేసే గదిలో ఉంది. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"ఆంటీ, షుగర్ ఏమన్న పెరిగిందా?" అంది. ముందు అదే అడిగింది. నేను నేర్చుకున్న మాటలన్నీ అక్కడే పోయాయి.

"పెరగలే బిడ్డా. నేను తప్పు చేసిన. అది పురుగు. నా తిప్పతీగ మీదనే పుట్టిన పురుగు. నిన్ను దొంగను చేసిన, నా నోరు పడిపోను. నన్ను క్షమించు."

స్వప్న కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టింది. నేను పురుగు సంగతంతా చెప్పాను. చివరిదాకా విన్నది. "పోనీయుండ్రి ఆంటీ," అంది. "అంకుల్ సూది మంచిగ వేస్తున్నడా?"

చీర పక్కకు జరిపి చూపించాను. పొట్ట మీద ఒక్కచోటే నల్లగా కమిలి ఉంది. "ఒక్కతాననే పొడుస్తున్నడు. రోజూ రెండు వేళ్లు జరిపి వెయ్యమనుండ్రి," అంటూ అక్కడ వేలితో మెల్లగా అద్ది చూసింది.

నేను సంచిలోంచి కాయలు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తోంది. బెజ్జం కోసం చూస్తోందనుకున్నాను.

"బెజ్జం లేదు బిడ్డా, చూసే తెచ్చిన."

"బెజ్జం కాదు ఆంటీ," అని కాయను నా వైపు తిప్పింది. తొక్క మీద నల్లగా పదిహేడు అని ఉంది.

కడిగాను, తుడిచాను, నిగనిగలాడించాను. నంబరు మాత్రం నా కంటికి ఆనలేదు. రోజూ చూసి చూసి అది కాయతోనే పుట్టినట్టయిపోయింది నాకు. గబగబా కొంగు తడిచేసి రుద్దాను. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాను. స్వప్న నా చేతిలోంచి కాయ తీసుకుంది. పక్కన ట్రేలోంచి స్పిరిటు దూది తీసి రెండుసార్లు తుడిచింది. దూది నల్లబడింది, అంకె పోయింది. రెండేళ్లు రోజూ పొద్దున నా పొట్ట మీద తగిలిన వాసన ఆ గదంతా నిండింది. ఆ పిల్ల అయిదు కాయలూ ఒక్కొక్కటే అట్లాగే తుడిచి, బల్ల మీద వరసగా పెట్టింది.

"గది ఖాళీగనే ఉన్నది బిడ్డా. ఎవలకూ ఇయ్యలే. వస్తవా?"

ఆ పిల్ల నల్లబడ్డ దూది ముక్కలను డబ్బాలో వేసి వచ్చింది.

"మీ మీద కోపం లేదు ఆంటీ. కానీ నేను రాను. గాడ ఉంటే పొద్దున లేసి మీకంటె ముందు నేనే కాయలు లెక్కపెట్టుకోవాలె. ఒక్కటి రాలినా నా పాణం గుబులు గుబులైతది. గట్ల ఎట్ల బతుకుత చెప్పుండ్రి?"

నేను ఖాళీ సంచి మడిచి పట్టుకుని, కోదాడ బస్సు కోసం లేచాను.